పక్షవాతమున రెండవ చేతి మాట

పక్షవాతము అను మాటలోనే ఒక అభిప్రాయము ఇమిడియున్నది. పక్షమనగా ప్రక్క. శరీరమున ఒక ప్రక్కను పట్టి పీడించునది గనుక పూర్వులు దీనికి ఆ పేరు పెట్టిరి. వాతదోషమే దీనికి మూలమను ప్రాచీనుల భావము నేటి వైద్యశాస్త్రమున నిలువలేదు. మెదడులోని రక్తనాళము పూడుకొనుటవలన గాని, పగులుటవలన గాని ఈ వ్యాధి కలుగుచున్నదని నేడు స్పష్టముగ తెలిసినది. ఐనను ఆ మాటలోని మొదటి సగము, అనగా ఒక ప్రక్క చెడి రెండవ ప్రక్క చెక్కుచెదరక యుండునను తలంపు, జనుల మనస్సులలో నేటికిని పాతుకొనియున్నది. రోగిని చూడవచ్చిన బంధువులు "ఏ చేయి పడిపోయినది?" అని అడుగుదురు. సమాధానము విన్న పిమ్మట "పోనిండు, రెండవ చేయి బాగున్నది గదా" అని ఊరడింతురు. ఆ ఊరడింపు సదుద్దేశముతో గూడినదే. కాని అది పూర్తిగ నిజము కాదు.

కుడిచేయి, కుడికాలు పడిపోయిన ఒక గృహస్థుని ఊహింపుడు. ఆయన ఆసుపత్రినుండి ఇల్లు చేరి మూడు మాసములైనది. ఎడమచేయి లేచును, పిడికిలి బిగియును, బరువును మోయును. చూచువారికి అందు లోపమేమియు కనబడదు. కాని ఆయన ఎడమచేతితో చెంచా పట్టి పప్పన్నము నోటికి తీసికొనిపోవునపుడు సగము దారిలో ఒలుకును. చొక్కా బొత్తాము పెట్టుకొనుటకు పావుగంట పట్టును. బల్లమీది నాణెమును తీయబోయిన వ్రేళ్లు దానిని ప్రక్కకు నెట్టివేయును. ఇంటివారు మొదట జాలిపడుదురు, పిదప విసుగుకొందురు. "కుడిచేయి సంగతి సరే, ఈ చేతికేమి వచ్చినది? కొంచెము జాగ్రత్తగ పట్టుకొనరాదా?" అందురు. రోగియు తన్ను తానే నిందించుకొని, క్రమముగ ఆ ప్రయత్నమే మానుకొనును. అన్నము కలిపి పెట్టుటకు భార్యయో, కోడలో రావలసివచ్చును. ఇట్లు పరాధీనుడగుటకు పడిపోయిన కుడిచేయి ఒక కారణము. ఎవరును పరీక్షింపని ఎడమచేయి రెండవ కారణము.

నాడుల మార్గము

మెదడు కుడి సగము శరీరపు ఎడమ ప్రక్కను, ఎడమ సగము కుడి ప్రక్కను నడుపునని పాఠశాలలో చెప్పుదురు. ఇది చాలవరకు సత్యమే. మెదడునుండి క్రిందికి దిగు చలన నాడీతంతువులు మెడకు పైభాగమున, మెదడు కాడ చివర, ఒకదాని నొకటి దాటి ప్రక్కలు మారును. కాని అన్నియు మారవు. నూటికి 80, 90 పాళ్లు దాటగా, మిగిలినవి తమ ప్రక్కనే క్రిందికి సాగును. అంతియేగాక మెదడు రెండు సగములును దట్టమైన నాడీసేతువుచే కలుపబడియున్నవి. ఒక చేయి కదలునపుడు రెండు సగములును ఏదో యొక పాలు పని చేయుచునే యుండును. ఒకే కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి కూలినచో, నిలిచియున్న ఎద్దు మెడ కూడ వంకరపోవును. ఆ ఎద్దునకు గాయము లేకపోవచ్చును; కాని నడక మునుపటి నడక కాదు.

ఈ సంగతి నిన్న మొన్న కనుగొన్నది కాదు. జర్మనీ దేశపు వైద్యుడు హ్యూగో లీప్‌మన్ 20వ శతాబ్దారంభముననే దీనిని గమనించెను. కుడి ప్రక్క పడిపోయినవారిలో అనేకులు, పక్షవాతము సోకని తమ ఎడమచేతితో కూడ నమస్కరించుట, చేయి ఊపి పిలుచుట, ఒక పనిముట్టును వాడి చూపుట వంటి పనులను సరిగ చేయలేకుండిరని ఆయన 1905లో ప్రకటించెను. చేతిలో బలమున్నది, చెప్పిన మాట అర్థమైనది, కాని పని కుదురదు. నేర్చిన పనుల క్రమమును కూర్చుటలో మెదడు ఎడమ సగమునకు రెండు చేతులమీదను అధికారము కలదని ఆయన దీనినుండి నిర్ణయించెను.

ఒక శాస్త్రజ్ఞుని స్వానుభవము

ఈ విషయమున మిక్కిలి విలువైన సాక్ష్యమొకటి నార్వే దేశమునుండి లభించినది. ఆస్లో నగరమున శరీరనిర్మాణశాస్త్రాచార్యుడు, మెదడు నాడుల నిర్మాణమును జీవితమంతయు పరిశోధించిన పండితుడు ఆల్ఫ్ బ్రోడాల్, 1972 ఏప్రిలులో తన 62వ యేట పక్షవాతమునకు గురియయ్యెను. దెబ్బ తగిలినది మెదడు కుడి భాగమున. పడిపోయినది ఎడమ ప్రక్క. ఆయన వ్రాయునది కుడిచేతితో. సామాన్యభావము ననుసరించి ఆయన వ్రాతకు ఏ లోపమును రాకూడదు. కాని వచ్చినది. అక్షరముల తీరు మారినది. పరిమాణము ఒక్క తీరున నిలువలేదు. అక్షరములు కొన్ని జారిపోయినవి, కొన్ని రెండుమార్లు పడినవి. ఆయన తన స్థితిని తానే శాస్త్రజ్ఞుని దృష్టితో పరిశీలించి, 1973లో ‘బ్రెయిన్’ అను వైద్యపత్రికలో దీర్ఘవ్యాసముగ ప్రకటించెను. ఆరోగ్యముగ నున్నదని అందరును తలచు చేతిలో కూడ మార్పు గలదని నాడీశాస్త్రమున ఆరితేరినవాడే తన చేతివ్రాతను చూపి నిరూపించినట్లయినది.

ఇట్టి మార్పు సామాన్యరోగిలో వచ్చినచో దానిని ఎవరు గుర్తింతురు? ఆచార్యునకు తన పాత వ్రాత, క్రొత్త వ్రాత ఎదుటనుండెను. పోల్చుకొనగల విద్య యుండెను. బట్టలు కుట్టు దర్జీకి, వంటచేయు గృహిణికి, రశీదు వ్రాయు దుకాణదారునకు అట్టి అవకాశము లేదు. "ఇదివరకటి వాటము పోయినది" అని మాత్రమే వారు చెప్పగలరు. ఆ మాటను వినిపించుకొను చెవి వైద్యశాలలో నుండవలెను.

రెండు సగములు, రెండు పనులు

ఇటీవలి పరిశోధనలు ఈ లోపము ఎట్టిదో మరింత వివరముగ తెలిపినవి. అమెరికాలో సిడ్నీ షేఫర్, కాథ్లీన్ హాలండ్, రాబర్ట్ సేన్‌బర్గ్ అను పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనము ఇందు ముఖ్యమైనది. పక్షవాతము సోకని చేతితో ఒక గురిని చేరుమని వారు రోగులను కోరి, ఆ కదలికలను కొలిచిరి. మెదడు ఎడమ సగము దెబ్బతిన్నవారిలో ఎడమచేయి దారి తప్పినది. బయలుదేరుటలో లోపము కనబడినది. కుడి సగము దెబ్బతిన్నవారిలో కుడిచేయి దారిని చక్కగనే సాగినది. కాని గమ్యమున సరిగ నిలువలేకపోయినది. కుడిచేతివాటము గలవారిలో కదలికను ముందుగ అంచనావేసి దారిని దిద్దుట ప్రధానముగ ఎడమ సగపు పనియనియు, చేయి చేరినచోట కుదురుగ నిలుపుట ప్రధానముగ కుడి సగపు పనియనియు దీనివలన వారు భావించిరి.

దీనిని ఇంటి భాషలో చెప్పవలెనన్న, ఒకరి చేతిలోని గ్లాసు నోటిదాక వచ్చు దారిలో ఒలుకును. మరియొకరి చేతిలోని గ్లాసు దారిలో ఒలుకదు, బల్లమీద పెట్టునపుడు అంచున తగిలి పడిపోవును. రెంటిని చూచి ఇంటివారు అనునది ఒకే మాట: "పారవేసినావు." కాని రెంటికిని కారణములు వేరు; అలవరుపవలసిన సాధనయు వేరు.

మరియొక సంగతి మరింత ముఖ్యమైనది. మెదడు ఎడమ సగమున దెబ్బ తగిలి, కుడిచేయి అధికముగ పడిపోయినవారిలోనే రెండవ చేతి లోపము ఎక్కువగ కనబడుచున్నదని సేన్‌బర్గ్ బృందము 2020లో ప్రకటించిన అధ్యయనము తెలుపుచున్నది. అనగా ఎవరు రెండవ చేతిమీద పూర్తిగ ఆధారపడవలసియున్నదో, వారి రెండవ చేయియే తక్కువ నేర్పు గలదై యుండును. ఈ లోపము కొలది దినములలో దానియంతట అది పోవునదియు కాదు. వ్యాధి వచ్చిన ఎంతో కాలమునకు కూడ కనబడుచున్నది.

మన ఇండ్లలో ఎడమచేయి

పాశ్చాత్యదేశముల పరిశోధకులు గమనింపనవసరము లేని ఒక కష్టము మన దేశమున కలదు. ఇక్కడ కుడిచేయి, ఎడమచేయి సమానములు కావు. అన్నము తినుట, దానమిచ్చుట, ప్రసాదము పుచ్చుకొనుట, పెద్దలకు కాగితమందించుట, అన్నియు కుడిచేతి పనులు. ఎడమచేతికి విధింపబడినవి శౌచము మొదలైన పనులు మాత్రమే. పసితనమున ఎడమచేయి చాచిన బిడ్డకు "ఆ చేయి కాదు" అని తల్లి నేర్పును. ఏబది, అరువది యేండ్లు అట్లు పెరిగిన మనుష్యునకు ఒకనాటి ఉదయమున కుడిచేయి పడిపోవును. అంతవరకు నిషేధింపబడిన చేయి ఒక్కసారిగ అన్నిటికిని ఆధారమగును. దానికి అలవాటు లేదు. మెదడు దెబ్బవలన నేర్పు తగ్గినది. పైగా నలుగురిలో దానిని వాడుటకు సిగ్గు. ఈ మూడు భారములలో మొదటి రెండును శరీరమునకు సంబంధించినవి. మూడవది సంఘము మోపినది.

పెండ్లి పంక్తిలో ఎడమచేతితో తినవలసివచ్చునని భోజనమునకే పోనివారు గలరు. దేవాలయమున తీర్థము పుచ్చుకొనుటకు వెనుదీయువారు గలరు. ఎడమచేతితో సొమ్ము అందించినచో కొనువారు ఏమనుకొందురో యని దుకాణము మెట్టెక్కని వర్తకులు గలరు. పనిలో పెట్టినకొలది పదునెక్కవలసిన చేయి ఇట్లు సిగ్గువలన ముడుచుకొనిపోవుచున్నది. ఆచారము మంచిదే కావచ్చును. కాని ఆపదలో నున్నవానికి మినహాయింపు నిచ్చుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. ఉపవాసమునుండి రోగిని, బాలింతను, వృద్ధులను మినహాయించిన పెద్దలు, పక్షవాతరోగి ఎడమచేతిని తప్పుపట్టరు. ఇంటి పెద్దలు, పురోహితులు, పంక్తిలో వడ్డించువారు ఒక్కమాట అన్నచో చాలును: "ఆ చేతితోనే తినుడు, తప్పులేదు." ఆ మాటకు ఖర్చు లేదు. అది చేయు మేలు గొప్పది.

ఒక అభ్యంతరము

రెండవ చేతికి సాధన నిచ్చినచో, పడిపోయిన చేతిని రోగి మరచిపోవునేమో యని కొందరు వైద్యులు శంకింతురు. ఈ శంక నిరాధారమైనది కాదు. పనిచేయని చేతిని వాడక మానుకొనుటవలన అది మరింత నిరుపయోగమగునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టాబ్ చూపెను. దానికి విరుగుడుగ, బాగున్న చేతికి తొడుగు తొడిగి, బలహీనమైన చేతితోనే పనులు చేయించు పద్ధతిని ఆయన రూపొందించెను. వ్యాధి వచ్చి 3 నుండి 9 మాసములైన 222 మంది రోగులపై జరిగిన పరీక్షలో ఆ పద్ధతి సత్ఫలితము నిచ్చినట్లు 2006లో ప్రకటింపబడినది. ఎలుకలపై జరిగిన ప్రయోగములలో, బాగున్న ముంగాలికి ముందుగ శిక్షణ నిచ్చినచో దెబ్బతిన్న కాలు తేరుకొనుట కుంటుపడుటయు కనబడినది.

ఐనను ఆ పద్ధతి అందరికిని చెల్లదు. మణికట్టును, వ్రేళ్లను కొంతవరకైనను చాపగల రోగికే అది ఉపయోగించును. అట్టివారికి బలహీనమైన చేతి సాధనయే ప్రథమకర్తవ్యమనుటలో సందేహము లేదు. కాని వ్రేళ్లు ముడుచుకొని, మాసములు గడచినను కదలని చేయి గలవారి మాటయేమి? వారికి రెండవ చేతిని కట్టివేయుట బ్రతుకును కట్టివేయుటయే. ఇట్టివారికి రెండవ చేతిని నేర్పుగలదిగ చేయుట చికిత్సలో భాగము కావలెను. అపుడును పడిపోయిన చేతిని విడువరాదు. దానిని కదలించుచు, కీళ్లు బిగిసిపోకుండ కాపాడుచు, వీలైనప్పుడెల్ల కాగితమును అదిమిపట్టుట వంటి చిన్న పనులకైనను వాడవలెను. ఏ రోగికి ఏ చేతిమీద ఎంత శ్రద్ధ వలయునో నిర్ణయింపవలసినది ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు. రెండు చేతులను పరీక్షింపనిదే ఆ నిర్ణయము సాధ్యము కాదు.

చేయవలసినది

ఆ పరీక్షకు పెద్ద యంత్రములు అక్కరలేదు. 1969లో జెబ్సెన్ అను వైద్యుడును, ఆయన సహచరులును ప్రకటించిన చేతి పరీక్షలో ఏడు పనులు కలవు: వ్రాయుట, అట్టముక్కలను త్రిప్పుట, చిన్న వస్తువులను ఏరుట, చెంచాతో గింజలనెత్తుట, బిళ్లలను పేర్చుట, తేలిక డబ్బాలను ఎత్తుట, బరువు డబ్బాలను ఎత్తుట. ఒక్కొక్క పనికి పట్టు కాలమును గడియారముతో కొలుతురు. ఇట్టి పరీక్షను రెండు చేతులకును జరిపి, ఫలితమును ఆసుపత్రి విడుదల పత్రములో వ్రాయుట ఆచారము కావలెను. ‘ఎడమ ప్రక్క సాధారణము’ అని ఒక్క ముక్క వ్రాసి ముగించుట చాలదు.

దేశమున 2010లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్యాన్సరు, మధుమేహము, హృద్రోగములతోబాటు పక్షవాతమును కూడ తన పరిధిలో చేర్చుకొన్నది. రక్తపోటు మాత్రలకై రోగి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వచ్చినప్పుడు అక్కడి కార్యకర్త నాలుగు ప్రశ్నలడుగుట కష్టము కాదు. రెండవ చేతితో తినగలుగుచున్నారా? బొత్తాములు పెట్టుకొనగలుగుచున్నారా? నీరు ఒలుకక త్రాగగలుగుచున్నారా? చిల్లర నాణెములు ఏరుకొనగలుగుచున్నారా? ఒకదానికి లేదను సమాధానము వచ్చినను, చికిత్సకుని వద్దకు పంపవలెను.

ఇంటిలో సాధనకు కావలసిన వస్తువులు ఇంటిలోనే కలవు. చింతగింజలను ఒక్కొక్కటిగ ఏరి గిన్నెలో వేయవచ్చును. వామనగుంటల పీట యున్నచో అంతకు మించిన సాధనము లేదు; గింజలను పట్టుట, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి విడుచుట, లెక్కించుట అన్నియు అందు కలవు; మనుమలు తోడు కూర్చుందురు గనుక విసుగును పుట్టదు. పలకమీద గీతలు, సున్నలు, తరువాత అక్షరములు దిద్దవచ్చును. దారిలో తడబడు చేతికి, గీచిన వంపుగీతపై వ్రేలిని నడుపుట మేలు. చివర నిలువని చేతికి, సుద్దతో గీచిన గడిలో నాణెమును సరిగ నిలుపుట మేలు. దినమునకు రెండుమార్లు, అలసట రాకమునుపే ఆపుచు, చికిత్సకుని సలహాననుసరించి చేయవలెను. చేయి కుదురుపడువరకు కాగిన నూనె, వేడిగంజి, కత్తి, మంగలికత్తి వంటివాటి జోలికి పోరాదు. భుజమునకు నొప్పి కలిగినచో ఆపి వైద్యునకు చూపవలెను. ఒక్క చేతిమీదనే భారమంతయు పడుటవలన అది కూడ అరిగిపోవును.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. పైన చెప్పిన లోపము మొదటినుండియు ఉండునది. అట్లుగాక, నిన్నటిదాక పనిచేసిన రెండవ చేయి హఠాత్తుగ బలము కోల్పోయినచో, మూతి వంకరపోయినచో, మాట తడబడినచో అది క్రొత్తగ వచ్చిన పక్షవాతము కావచ్చును. అపుడు సాధనలతో గాని, నూనె మర్దనాలతో గాని కాలము గడుపరాదు. తలకు స్కానింగు చేయగల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. రక్తపు గడ్డను కరిగించు మందు లక్షణములు కనబడిన నాలుగున్నర గంటలలోపల మాత్రమే సాధారణముగ ఇయ్యదగినది.

పక్షవాతమునుండి బ్రతికి బయటపడినవారికి కావలసినది ప్రాణము మాత్రమే కాదు. తన అన్నము తాను తినుట, తన చొక్కా తాను తొడుగుకొనుట, తన పేరు తాను వ్రాసికొనుట అను మూడింటిలో మనుష్యుని మర్యాద చాలవరకు ఇమిడియున్నది. పడిపోయిన చేయి వాటిని తిరిగి ఇయ్యలేనపుడు, ఇయ్యగలది రెండవ చేయి యొక్కటే. దానిని మంచిచేయి యని పిలిచి మరచుటకన్న, దానికిని దెబ్బ తగిలినదని ఒప్పుకొని, ఓర్పుతో నేర్పుటయే రోగికి నిజమైన సాయము. ఇకమీదట రోగిని చూడబోవు బంధువు "ఏ చేయి పడిపోయినది?" అని అడిగినచో అడుగవచ్చును. ఆ వెంటనే "రెండవ చేతితో ఏయే పనులు చేసికొనగలుగుచున్నారు?" అని కూడ అడుగవలెను.